అప్‌డేట్: దుబాయ్‌లో కోనసీమ బెంగ గురించి అడిగాను కదా

సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్సండి. ఈ ఇసుకా అద్దాల మేడలూ చూసి చూసి ఊరి మీద బెంగ పట్టుకుంది, పచ్చదనం కనిపించే సినిమాలూ దగ్గర్లో గుడీ చెప్పమని సంక్రాంతికి ముందు అడిగాను.

మీరు చెప్పిన ‘గోదావరి’ (2006) చూశాను. లాంచీ భద్రాచలం వైపు వెళ్తుంటే కథ వదిలేసి గట్లే చూస్తూ కూర్చున్నా. అది మా కోనసీమ కాదు, ఎగువన. అయినా నీళ్లు మావే కదండీ!

జబల్ అలీలో 2022లో తెరిచిన మందిరానికి కనుమ నాడు వెళ్లాను. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. శివుడి ముందు నిలబడితే మాత్రం మనసంతా మా కోనసీమ జగ్గన్నతోటలోనే. అక్కడ గుడే లేదు, ఉన్నది కొబ్బరితోట. కనుమ నాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు మంది శివులు, ప్రభల మీద (రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు) వస్తారు. గంగలకుర్రు ఊరి ప్రభలను భుజాల మీద మోస్తూ, ‘శరభ శరభ’ అంటూ వరిచేలు తొక్కుకుంటూ కౌశిక నది దాటిస్తారు. నీళ్లలో కాళ్లు జారుతున్నా ప్రభను ఒరగనివ్వరు. చేను తొక్కారని రైతు ఒక్క మాటనడు, స్వామి నడిచాడని సంతోషిస్తాడు. నాకు తెలిసిన భక్తి అదేనండి.

వచ్చే కనుమకి సెలవు ఇప్పుడే అడిగిపెట్టాను.

కరివేపాకు మొక్క పెంచమన్నవారికి: బాల్కనీలో పెట్టాను, ఎండకి చివుళ్లు మాడుతున్నాయి. నీడకి జరపమంటారా?