గర్భం రాకముందే ఫోలిక్ యాసిడ్ ఎందుకు?

ప్రశ్న
పిల్లల కోసం ఈ మధ్యనే ప్రయత్నం మొదలుపెట్టాం. డాక్టరు గారు రోజూ ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ మాత్ర వేసుకోమన్నారు. గర్భమే రాలేదు, అప్పుడే మందులెందుకని మా అత్తగారు అంటున్నారు. నెల తప్పాక మొదలుపెడితే సరిపోదా? పైగా నేను చదివిన చోటల్లా 400 మైక్రోగ్రాములని ఉంది, నా మాత్ర మీద 5 మిల్లీగ్రాములని ఉంది.

ఫార్మసిస్టు
నెల తప్పాక అంటే ఆలస్యమే అమ్మా. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి నెలసరి రెండు వారాలు దాటి ఉంటుంది, అంతే. చాలామందికి అనుమానం వచ్చేది కూడా అప్పుడే. నాళం కింది భాగంలో మూసుకోకపోతే స్పైనా బిఫిడా, అంటే వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపం; పైభాగంలో అయితే అనెన్‌కెఫలీ, అంటే మెదడు, పుర్రె చాలావరకు ఏర్పడని లోపం. ఆ తర్వాత ఎన్ని మాత్రలు మింగినా అది సరికాదు. అందుకే కనీసం నెల ముందు మొదలుపెట్టి 12 వారాల దాకా వాడమంటారు.

ఇక మోతాదు. 400 మైక్రోగ్రాములంటే 0.4 మిల్లీగ్రాములు. మీ మాత్రలో ఉన్నది దానికి పన్నెండు రెట్లకు పైనే! ముందు కాన్పులో ఇలాంటి లోపం వచ్చినవారికి, మధుమేహం ఉన్నవారికి, కొన్ని మూర్ఛ మందులు వాడేవారికి పెద్ద మోతాదు రాస్తారు. మీకు అవేవీ లేకపోతే ఎందుకు రాశారో అడగండి, మొహమాటం వద్దు. విటమిన్ బి12 తక్కువగా ఉన్నవారిలో పెద్ద మోతాదు రక్తహీనతను కప్పిపుచ్చుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

మరో సభ్యురాలు
నేను మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేదాన్ని. డాక్టరు ముందు ఆ మందు మార్చి, ఆ తర్వాతే 5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఎవరూ మూర్ఛ మందును సొంతంగా ఆపకండి. నాదొక సందేహం: ఆకుకూరలు బాగా తింటే చాలదా? ఇదే విటమిన్‌కు మరో రూపమైన మిథైల్‌ఫోలేట్ ఇంకా మంచిదని కూడా అంటున్నారు.

ఫార్మసిస్టు
ఆకుకూరలు తినండి, కానీ వాటిని లెక్కలో వేసుకుని మాత్ర మానకండి. వాటిలోని ఫోలేట్, అంటే ఈ విటమిన్ సహజ రూపం, వండేటప్పుడు చాలావరకు పోతుంది. మిథైల్‌ఫోలేట్ ఖరీదైన పెట్టెలో వస్తుంది, నాడీనాళ లోపాలను తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది మాత్రం ఫోలిక్ యాసిడే. 1991లో వెలువడిన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఫలితాల్లో, అంతకుముందు గర్భంలో బిడ్డకు ఇలాంటి లోపం వచ్చిన స్త్రీలకు రోజూ 4 మిల్లీగ్రాములిస్తే, లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది.

ఒక రోజు మాత్ర మరచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు, మామూలుగా ఒకటే.