టీబీఓ దాటిన ఇంజిన్: యాన్యువల్‌పై సంతకం పెట్టనంటున్న మెకానిక్

టెక్సాస్‌లో నాకు సెస్నా 172ఎం అనే చిన్న విమానం ఉంది, సొంతానికే నడుపుతాను. లైకమింగ్ ఓ-320 ఇంజిన్ 2,140 గంటలు తిరిగింది. కంపెనీ చెప్పిన టీబీఓ (ఓవర్‌హాల్‌కు, అంటే ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడానికి, ముందు నడపదగ్గ గంటలు) 2,000. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ 80కి 74 పైనే, ఆయిల్ ఫిల్టర్‌లో లోహపు రజను లేదు, ఏడీలన్నీ (ప్రభుత్వ విమానయాన సంస్థ తప్పనిసరి చేసిన భద్రతా ఆదేశాలు) పూర్తయ్యాయి. అయినా ఓవర్‌హాల్ చేయిస్తేనే యాన్యువల్‌పై, అంటే ఏటా తప్పనిసరిగా చేయించాల్సిన తనిఖీపై, సంతకం పెడతానంటున్నారు మా ఐఏ మెకానిక్ (ఆ తనిఖీ చేసే అధికారం ఉన్నవారు).

అమెరికా విమానయాన నిబంధనల్లోని పార్ట్ 91 కింద సొంతంగా నడిపేవాళ్లకు టీబీఓ తప్పనిసరి కాదని, 91.403 ప్రకారం విమానాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే ప్రధాన బాధ్యత ఓనర్‌దేనని చూపించాను. తన పనికి మెకానిక్ పని ప్రమాణాలను చెప్పే 43.13 వర్తిస్తుందని, రేపు ఏదైనా అయితే పోయేది తన సర్టిఫికెట్టేనని ఆయన వాదన. అదీ కొట్టిపారేయలేం. పోనీ ఏ నిబంధన ప్రకారం లోపమో రాసివ్వమంటే మాట దాటేస్తున్నారు. ఇంకో షాపులో అడిగితే ఇన్‌స్పెక్షన్ మొదటి నుంచీ మళ్లీ చేయాలన్నారు.

ఆయన చేత 'అన్‌ఎయిర్‌వర్తీ' (ఎగరడానికి తగదు) అని లోపాల జాబితాతో సంతకం చేయించుకుని, ఆ ఒక్క అంశాన్ని వేరే ఏ అండ్ పీ (విమాన మరమ్మతులకు సర్టిఫికెట్ ఉన్న) మెకానిక్ దగ్గర ఓవర్‌హాల్ లేకుండా క్లియర్ చేయించుకోవచ్చా?