తిర్యాణిలో ఒక కుటుంబం, జాంబియాలో ఒక కుటుంబం: మా సంఘం వాళ్లకు ఎలా తోడుండాలి?

ఆత్మకూరు అక్క

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మాది హన్మకొండకు దగ్గర్లో 120 కుటుంబాల సంఘం. సగానికి పైగా వ్యవసాయం చేసుకునేవాళ్లే. కొందరు టీచర్లు, ఆర్టీసీ వాళ్లు, మార్కెట్‌లో హమాలీ పనికి పోయేవాళ్లు ఉన్నారు. నేను స్త్రీల సమాజం సెక్రటరీని. పోయిన ఏడాది మిషన్ కమిటీలో కూడా వేశారు.

మేము ఇద్దరికి నెలనెలా పంపుతాం. ఒక మిషనరీ కుటుంబం ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి వైపు కొలాం ఆదివాసీ గూడేల్లో పదకొండేళ్లుగా ఉంటోంది. వాళ్లకు 6,000. రెండో అతను మా సంఘంలో పుట్టి, మా సండే స్కూల్లో వచనాలు అప్పజెప్పిన పిల్లవాడు. ఇప్పుడు భార్యతో జాంబియాలో ఒక పల్లెటూరి బడిలో లెక్కలు చెబుతూ సేవ చేస్తున్నాడు. అతనికి 8,000.

జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తిర్యాణికి డబ్బు పోలేదు. చెక్కు మీద ఇద్దరు సంతకం పెట్టాలి. ఒకాయన కూతురి కాన్పుకని బెంగళూరు వెళ్లి అక్కడే ఉండిపోయారు. బ్యాంకులో డబ్బుంది, పంపేవాళ్లు లేరు. కమిటీలో ఉండి నేను కూడా అడగలేదు.

మే నెలలో ఆ మిషనరీ భార్య చుట్టాల పెళ్లికని వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. రాత్రి చాలాసేపు గూడెం ముచ్చట్లు చెప్పింది. డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. పొద్దున గిన్నెలు కడుగుతుంటే ఆమె చేతులు చూశాను. మట్టి గాజులే ఉన్నాయి. వాళ్లమ్మ పెట్టిన రెండు బంగారు గాజులు ఎప్పుడూ ఉండేవి. అడిగితే, "కుదువ పెట్టినం అక్కా, పిల్లల పాత ఫీజు బాకీ ఉండె" అంది. మరి మాకు ఫోన్ చేయొచ్చు కదా అన్నాను. చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని, "ఇచ్చేటోళ్లను అడుగుడెట్ల అక్కా" అంది. నాకు నోట మాట రాలేదు.

గాజులు స్త్రీల సమాజం తరఫున విడిపించాం, నాలుగు నెలల బాకీ పంపాం. కానీ ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

పోయిన ఆదివారం కమిటీ కూర్చుంటే ఒక పెద్దాయన అన్నారు: "చర్చి రేకులు కారుతున్నాయి, ముందు ఇల్లు చక్కబెట్టుకుందాం. విదేశాల సంగతి మనలాంటి బీద సంఘానికి ఎందుకు?" ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ చర్చి కట్టినప్పుడు ఇటుకలు మోసినవాడు. అందుకే ఏం జవాబు చెప్పాలో తోచలేదు.

డబ్బు ఏ నెలా ఆగకుండా మీ సంఘాల్లో ఏం చేస్తున్నారు? జాంబియాకు ఎలా పంపాలి? మా ట్రెజరర్ ఇన్నాళ్లూ ఆ అబ్బాయి తమ్ముడి చేతికిస్తున్నాడు, అది పద్ధతేనా? ఇంకొకటి, మా సంఘంలో ఒకామె అల్లుడు టెక్సస్ నుంచి నెలకు వంద డాలర్లు పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా? డబ్బు కాకుండా మేం చేయవలసింది ఏముందో కూడా చెప్పండి.

కాజీపేట రిటైర్డ్ ట్రెజరర్

అక్కా, వందనాలు. గాజుల సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. రైల్వేలో లెక్కల పని చేసి రిటైరయ్యాను, మా సంఘం లెక్కలు పదిహేనేళ్లు రాశాను. తెలిసింది చెబుతాను.

మన దగ్గర కానుకలు పంటతో పాటు వస్తాయి. పత్తి అమ్మాక క్రిస్మస్ దాకా కొంచెం, మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు పోయాక ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొంచెం. జూన్ వచ్చిందంటే విత్తనాలు, ఎరువు బస్తాలు, కూలీలు. ఆ రోజుల్లో కానుక సంచి తేలిగ్గా ఉంటుంది. మిషనరీ పిల్లల ఫీజులు కట్టాల్సింది సరిగ్గా ఆ జూన్‌లోనే. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. ఏ నెల కానుక ఆ నెల పంపుదాం అనుకున్న ప్రతి సంఘం ఇక్కడే దెబ్బ తింటుంది, మేమూ తిన్నాం.

అందుకని మిషన్‌కు వేరే ఖాతా తెరిచాం. మిర్చి రోజుల్లో, కోత పండుగ వేలంలో వచ్చింది అందులో వేసి, ఆరు నెలల డబ్బు ఎప్పుడూ ఉండేలా చూసుకుంటాం. ఒక ఏడాది ఒక రైతు చపాటా మిర్చి బస్తా తెచ్చి బలిపీఠం ముందు పెట్టాడు. వేలంలో మూడుసార్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు మళ్లీ కానుకగా ఇచ్చేశారు. ఆ ఒక్క బస్తాతో రెండు నెలలు గడిచింది.

చెక్కులు మానేయండి. ప్రతి నెలా 5వ తేదీన డబ్బు దానంతట అదే పోయేలా బ్యాంకులో ఒకసారి ఇద్దరూ సంతకం చేసి రాసిస్తే చాలు. ఎవరు బెంగళూరు పోయినా ఆగదు. లెక్క మాత్రం మూడు నెలలకోసారి సంఘం ముందు చదవండి. కానుక మోసుకెళ్లేటప్పుడు పౌలు ఒంటరిగా పోలేదు, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని వెంట పెట్టుకున్నాడు. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం కమిటీలో ఒకసారి చదివించండి.

జాంబియా విషయంలో జాగ్రత్త. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చని అందరూ చెప్పే ఆర్‌బీఐ పథకం వ్యక్తులకే. సొసైటీలకు, ట్రస్టులకు వర్తించదు. పైగా ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చయితే, ముందుగా ప్రత్యేక అనుమతి లేనిదే దానికి పన్ను మినహాయింపు రాదు. తమ్ముడి చేతికి నగదు ఇవ్వడం వెంటనే ఆపండి. అతను మంచివాడే కావచ్చు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. ఆ అబ్బాయిని పంపిన మిషన్ సంస్థ ఇక్కడిదే అయితే, రూపాయల్లో ఆ సంస్థకే ఇచ్చి రసీదు తీసుకోండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు. అతనికి ఇక్కడ అయ్యే ఖర్చులు కూడా ఉంటాయి కదా, తల్లి మందులు, ఇన్సూరెన్స్. వాటిలో మీరు ఏది మోసినా అతని జీతం మిగులుతుంది. ఏదైనా మీ ఆడిటర్‌ను అడిగి చేయండి.

టెక్సస్ అల్లుడి పాస్‌పోర్ట్ ఏ దేశానిదో ముందు అడగండి. ఇంకా మన దేశానిదే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, హన్మకొండలో పుట్టినా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కూడా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వడానికీ లేదు. మంచి మనసుతో తీసుకున్న డబ్బే సంఘాన్ని కష్టాల్లో పడేయగలదు.

ఉట్నూరు సిస్టర్

అక్కా, నేను మీ తిర్యాణి చెల్లె లాంటిదాన్నే. ఉట్నూరు వైపు ఉంటాం. మాకు కరీంనగర్ దగ్గరి ఒక సంఘం ఆధారం. ఆమె ఎందుకు అడగలేదో నాకు బాగా తెలుసు. డబ్బు ఆలస్యమైతే మొదట వచ్చే ఆలోచన "బ్యాంకులో ఏదో అయి ఉంటుంది" అని కాదు. "మా సేవ వాళ్లకు నచ్చలేదేమో" అని. పోయిన నెల ఉత్తరంలో ఏం రాశామో మళ్లీ తీసి చదువుకుంటాం. కాబట్టి డబ్బు ఒక వారం ఆలస్యమైనా ఒక ఫోన్ చేయండి. "ఇంకా పంపలేదు, ఫలానా రోజు పంపుతాం" అంటే చాలు, ఆ రాత్రి నిద్ర పడుతుంది.

మీరు ఉత్తరం చదివారని మాకు తెలియడం డబ్బు కన్నా తక్కువేం కాదు. ఒకసారి ప్రార్థన ఉత్తరంలో చివరన ఏదో మాట వరుసకు రాశాను, కుక్కర్ రబ్బరు పోయింది, పప్పు ఉడకడానికి గంట పడుతోందని. తర్వాతి నెల పార్శిల్ వచ్చింది. సండే స్కూల్ పిల్లలు రాసిన కాగితాలు, పసుపు, దోమతెరలు, అడుగున న్యూస్ పేపర్‌లో చుట్టి మూడు లీటర్ల కుక్కర్ రబ్బరు. సైజు కూడా సరిపోయింది. పోయిన సెలవుల్లో వాళ్ల ఇంట్లో నేను వంట చేసినప్పుడు ఏ కుక్కర్ అని మాట్లాడుకున్నాం, అది గుర్తు పెట్టుకున్నారు. ఆ రబ్బరు పట్టుకుని ఏడ్చాను. ఎవరో మమ్మల్ని చదువుతున్నారని అప్పుడు అనిపించింది.

వీలైతే వచ్చి చూడండి. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేతికి కానుక ఇచ్చి పంపింది కదా. అతను వచ్చి పౌలు దగ్గర ఉన్నాడు, జబ్బు కూడా పడ్డాడు. మా దగ్గరికి వచ్చిన ముగ్గురు పెద్దలు రెండు రాత్రులు మా ఇంట్లో నేల మీద పడుకున్నారు. ఈ పన్నెండేళ్లలో మా ఆయన అంత హాయిగా నవ్వడం అప్పుడే చూశాను. వచ్చినప్పుడు ఫొటోలు, ఉపన్యాసాలు పెట్టుకోవద్దు. గూడెం వాళ్లు బొమ్మలు కాదు. ఊరి పెద్దను ముందు కలిసి, వాళ్లు పెట్టింది తిని, కూర్చుని వినండి.

మాకు సెలవు ఇచ్చి మీ ఊరికి పిలిచినప్పుడు ప్రతి రాత్రీ కూడికలు పెట్టొద్దని కూడా చెప్పాలి. ఒక వారం ఊరికే ఉండనివ్వండి. పిల్లల పళ్లు చూపించుకోవాలి, కళ్లద్దాలు మార్పించుకోవాలి.

జమ్మికుంట తమ్ముడు

అందరూ ఆ పెద్దాయనది తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు. రేకులు కారే చర్చిలో వానాకాలం ముసలివాళ్లు ఎలా కూర్చుంటారు? మా సంఘంలో మిషన్‌కు నెలనెలా పంపుతూ, సొంత పాస్టరుకు మాత్రం మూడు నెలలు జీతం ఇవ్వలేదు. అయ్యగారి భార్య కుట్టుమిషన్ మీద బతుకు ఈడ్చింది. దూరంగా ఉన్నవాళ్ల మీద ప్రేమ చూపించడం కొన్నిసార్లు సులువు. రేకుల లెక్క వేరు, మిషన్ లెక్క వేరు అని రాసి గోడకు అంటించండి. పెద్దాయనను రేకుల పనికి పెట్టండి, అడిగి చూడండి.

డోర్నకల్ మాస్టారు

అమ్మా, "మనలాంటి బీద సంఘం" అన్న మాట దగ్గర ఆగాను. నేను పుట్టి పెరిగింది డోర్నకల్. మేమే ఒకప్పుడు వేరే వాళ్ల మిషన్ పొలం.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. మనుషులు మన దేశం వాళ్లే, డబ్బు మన దేశానిదే, నడిపేదీ మనవాళ్లే అన్నది వాళ్ల నియమం. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో అజరయ్యగారు ముఖ్యులు. వాళ్లు మిషనరీలను పంపిన చోటు మా డోర్నకల్. అప్పుడిది నిజాం రాజ్యం. తమిళులకు మన భాష రాదు, తిండి వేరు, జ్వరాలు. దాదాపు విదేశమే. అజరయ్యగారు 1909లో స్వయంగా వచ్చి ఉన్నారు. 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆ తిరునల్వేలి పల్లెల్లో కానుక వేసినవాళ్లు ధనవంతులేం కాదు.

అదే 1903లో నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికా నాటాల్‌కు పంపారు. అక్కడ తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్లున్నారు. ఆ డిసెంబరులోనే కీర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు సంఘం ఏర్పడింది. మీ పిల్లవాడి కన్నా నూరేళ్ల ముందే ఆఫ్రికాకు తెలుగు మిషనరీ వెళ్లాడు, పంపింది తెలుగు సంఘాలు. ఈ సంగతి మీ పెద్దాయనకు చెప్పండి. వాదించడానికి కాదు, ఆయన సంతోషిస్తారు.

మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి మూలనున్న కుండలో వేసేది. కరువు రోజుల్లో గుప్పెడు చిన్నదయ్యేది, కానీ మానలేదు. డోర్నకల్ పల్లెల్లో ఆడవాళ్లకు అది అలవాటు. మిజోరాం ఆడవాళ్లు ఇలాగే గుప్పెడు బియ్యంతో ఇప్పటికీ మిషనరీలను పోషిస్తున్నారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు పాశ్చాత్య మిషనరీలను ఒక్కటే అడిగారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని. డబ్బు, ప్రాణం అన్నీ ఇచ్చారు, పక్కన కూర్చునే స్నేహం ఇవ్వలేదన్నది ఆయన బాధ. ఉట్నూరు అమ్మాయి కుక్కర్ రబ్బరు సంగతి చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

ఆత్మకూరు అక్క

అందరికీ చాలా చాలా వందనాలు. మీ జవాబులు కాగితం మీద రాసుకుని కమిటీలో చదివాను. మాస్టారూ, రంగయ్యగారి సంగతి చెప్పినప్పుడు పెద్దాయన రెండుసార్లు అడిగారు, నిజంగా తెలుగువాళ్లే పంపారా అని. జాంబియాకు పంపాలన్న మాటకు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ బ్యాంకు ఫారం మీద సంతకం పెట్టారు. ఈ నెల 5న తిర్యాణికి డబ్బు పోయింది, ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చిందో లేదో ఆయనే ఫోన్ చేసి కనుక్కున్నారు. తమ్ముడూ, రేకులకు వేరే డబ్బా పెట్టాం, ఆయనే చూస్తున్నారు.

టెక్సస్ అల్లుడు పోయిన ఏడాదే సిటిజన్ అయ్యాడట. వద్దని చెప్పేశాం. అతను వచ్చే నెల సెలవుకు వచ్చినప్పుడు పిల్లలకు లెక్కలు, కంప్యూటర్ చెబుతానన్నాడు.

నిన్న ప్రార్థన అయ్యాక గుప్పెడు బియ్యం తూచాం. 43 కిలోలు. ఇదివరకు దొడ్డు బియ్యం, సన్న బియ్యం కలిసిపోయి, వండితే సగం మెత్తగా సగం పలుకుగా ఉండేవి, కొనేవాళ్లు ధర తగ్గించేవాళ్లు. ఇప్పుడు రేషన్‌లో కూడా సన్న బియ్యమే ఇస్తున్నారు కదా, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, మా టీచరమ్మ పూర్తి ధరకు మొత్తం తీసుకుంది. జాంబియా అబ్బాయితో వీడియో కాల్ కూడా చేశాం. అక్కడి న్షిమా మన మక్క గట్క లాగే ఉంటుందని చెబుతుంటే, మా అత్తమ్మ ఫోన్ లాక్కుని, దాంట్లోకి ఏం నంజుకుంటున్నావు బిడ్డా అని అడిగింది. వాడికి మాట రాలేదు, కాసేపు అట్లాగే చూస్తూ ఉన్నాడు.

వచ్చే శనివారం నలుగురం తిర్యాణి పోతున్నాం. కాజీపేటలో రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్డులో దిగుతాం. పెద్దాయన కూడా వస్తున్నారు. ఉట్నూరు సిస్టర్, ఆ చెల్లె నోరు తెరిచి ఏమీ అడగదు. వానాకాలంలో అక్కడ ఏవి దొరకవో మీరే రాయండి, గురువారం లోపు చెబితే వరంగల్ చౌరస్తాలో కొనుక్కుని వస్తాం.