మొదటి వేట విల్లు, బడ్జెట్ 40 వేలు: కాంపౌండా, రికర్వా?

హిందూపురం కుర్రోడు

అందరికీ నమస్కారం. ఊరు హిందూపురం, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. ఆగస్టులో ఆఫీసు పని మీద రెండేళ్ళకని విస్కాన్సిన్‌లోని మిల్వాకీ పోతున్నా. అక్కడికి గంటన్నర దూరంలో మా అక్కావాళ్ళు ఉంటారు. సెప్టెంబరు సగం దాటిందంటే మా బావకి ఇంట్లో కాలు నిలవదు, విల్లు తీసుకుని తెల్లతోక జింకల వేటకి పోతాడు. లైసెన్సుతోనే లెండి, దొంగవేట కాదు. మొన్న వీడియో కాల్‌లో "రా బామ్మర్దీ, మంచె మీద నీకూ చోటిస్తా. విల్లు మాత్రం నీది నువ్వే చూసుకో, నాది ఎవరికీ ఇవ్వను" అన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

బడ్జెట్ 40 వేలు. విల్లు, బాణాలు, మిగతా సామాన్లు అన్నీ అందులోనే. అది మా ఆవిడ గీసిన గీత. దాటితే పాత ఫ్రిజ్ సంగతి ఎత్తుతుంది.

అనుభవం అంటారా, ఏడో తరగతిలో వెదురుబద్దకి పురికొస కట్టి పక్కింటివాళ్ళ సొరకాయకి చిల్లు పెట్టా. అంతే.

కాంపౌండ్ తీసుకోవాలా, రికర్వా? నా మనసంతా చెక్క రికర్వ్ మీదే ఉంది, అదే, కొసలు ముందుకి వంగి, చక్రాలేవీ లేని విల్లు. కాంపౌండ్‌కి ఆ చక్రాలూ తాళ్ళూ చూస్తే మా ఊళ్ళో బావిగిలక గుర్తొస్తుంది. ఎన్ని పౌండ్ల బరువు లాగేది కొనాలి? జిమ్‌లో 60 కిలోలు లాగుతా. 60 పౌండ్లంటే 27 కిలోలే కదా, అదో లెక్కా అనిపిస్తోంది. ఇక్కడే కొని పట్టుకెళ్ళాలా, అక్కడ కొనాలా? ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, కుడిచేతి వాటం.

సిల్క్‌బోర్డ్ సింహం

బ్రో, ఇందులో ఆలోచించేదేముంది? నేరుగా 70 పౌండ్ల కాంపౌండ్ కొట్టేయ్. తక్కువది కొంటే ఆర్నెల్లలో మళ్ళీ కొనాలి. యూట్యూబ్ చూసి టెర్రస్ మీద నేర్చేసుకోవచ్చు, కోచింగులకి డబ్బులు దండగ.

తోటలో పంది

టెర్రస్ మాట మాత్రం వినకండి. 40 పౌండ్ల విల్లు నుంచి గురి తప్పిన బాణం వంద మీటర్లు సునాయాసంగా దాటుతుంది. మారతహళ్ళిలో వంద మీటర్లంటే ఎన్ని బాల్కనీలో, ఎన్ని బట్టల తాళ్ళో మీకే తెలుసు.

ఇంకో మాట. వెళ్ళేలోపు చెయ్యి తిరగాలని బన్నేరుఘట్ట వైపు పోయే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ వేట నేరం. తుపాకీ అయినా, విల్లు అయినా, ఉచ్చు అయినా ఒకటే. పంట పాడుచేసే అడవిపందినైనా చంపడానికి అనుమతి ఇవ్వాల్సింది అటవీశాఖ, పొలం ఓనరు కాదు. కనకపుర రోడ్డులో మా తోట పక్కాయన ఆ తేడా తెలియక ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు.

అంబులపొది

తమ్ముడూ, సింహం గారి మాట విని 70 పౌండ్లు కొన్నావంటే ఆ 40 వేలూ ఎముకల డాక్టరుకే పోతాయి. నేను తొమ్మిదేళ్ళు పెన్సిల్వేనియాలో ఉండి వచ్చాను. ఆరు సీజన్లు విల్లుతో వేటకెళ్ళాను, దొరికిన జింకలు రెండు. ఇప్పుడు జేపీ నగర్‌లో ఉంటున్నా. ఆదివారం పొద్దున రేంజ్‌కి పోయి కాగితాన్ని కొట్టి రావడమే ఇప్పుడు నా వేట.

ముందు నీ జిమ్ లెక్క. అక్కడ రెండు చేతులతో లాగుతావు, ఒళ్ళంతా సాయం పడుతుంది. ఇక్కడ ఒక చెయ్యి తోస్తుంది, ఇంకో చేతి మూడు వేళ్ళు లాగుతాయి. (బొటనవేలు వాడం. ఏకలవ్యుడు మన పద్ధతిలో వేసి ఉంటే ఆ గురుదక్షిణకి పెద్ద నష్టం ఉండేది కాదేమో.) బరువంతా పడేది వీపు మీద, భుజం ఎముక వెనక ఉన్న కండ మీద. దానికి మనం మామూలుగా పనే చెప్పం. నేను మొదట కొన్నది 55 పౌండ్ల రికర్వ్. షాపులో నలుగురి ముందూ ఒకసారి లాగేసి మురిసిపోయా. ఇంటికొచ్చాక పదో బాణానికి చెయ్యి వణుకు. ఇరవయ్యో బాణానికి తాడు వచ్చి ముంజేతి లోపల కొట్టి కాకరకాయంత వాత తేలింది. మూడో వారానికి పై అరలో ఉన్న పప్పు డబ్బా దించలేకపోయా. ఆ విల్లు సగం ధరకి పోయింది.

నీకెన్ని పౌండ్లు సరిపోతాయో తెలుసుకోవడానికి రేంజ్‌లో ఈ పని చెయ్యి. ఎదురుగా టార్గెట్ ఉండాలి, బాణం ఎక్కించి ఉండాలి. కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ నేల మీంచి ఎత్తు. విల్లుని ఆకాశం వైపు లేపకుండా తిన్నగా లాగు. ఇరవై లెక్కపెట్టి, వదలకుండా మెల్లగా వెనక్కి దించు. పళ్ళు బిగించాల్సి వచ్చిందా, ఆ విల్లు నీది కాదు. మంచె మీద చలిలో, మూడు పొరల బట్టల్లో, కదలకుండా కూర్చుని లాగాల్సి వస్తుంది కాబట్టి ఈ పరీక్ష.

పైగా జింకకి 70 అక్కర్లేదు. విస్కాన్సిన్‌లో చట్టం అడిగేది కనీసం 30 పౌండ్లు, మా పెన్సిల్వేనియాలో 35. బాణం మొన బ్లేడులా పదునుగా ఉండి, 20 గజాల లోపు జింక నీకు పక్కగా నిలబడి ఉంటే 45 పౌండ్లతో శుభ్రంగా పని అవుతుంది.

ఇక కాంపౌండా, రికర్వా. నీ మనసు విరిచేస్తున్నా, ఏమనుకోకు. ఈ ఏడే వేట అనుకుంటే కాంపౌండే. రికర్వ్‌లో ఎంత వెనక్కి లాగితే అంత బరువు, చివరిదాకా అదంతా నీ వేళ్ళ మీదే. కాంపౌండ్‌లో ఆ చక్రాలు ఒక చోటు దాటాక బరువుని చాలావరకు అవే మోస్తాయి. నా నాలుగో సీజన్లో, అక్టోబరు చివర, విల్లు లాగి సిద్ధంగా ఉన్నా. సరిగ్గా అప్పుడే జింక వచ్చి ఓక్ చెట్టు వెనక ఆగింది. ఇటు మూతి కనిపిస్తోంది, అటు తోక కనిపిస్తోంది, కొట్టాల్సిన చోటు మాత్రం చెట్టు వెనక. దించితే కదలిక చూసి పారిపోతుంది. నా విల్లు 45 పౌండ్లు, 80 శాతం లెట్‌ఆఫ్. అంటే చేతిలో మిగిలింది 9 పౌండ్లు, పిల్లాడి స్కూలు బ్యాగంత. నిమిషం పైగా అలాగే పట్టుకున్నా. అది ఒక్క అడుగు ముందుకేసింది. నా పాత రికర్వే అయితే ఆ రోజు ఉత్త చేతులతో దిగేదాన్ని.

కొలత: రెండు చేతులూ బార్లా చాపి, వేలికొస నుంచి వేలికొస దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించు. అదే సుమారుగా నీ డ్రా లెంత్, అంటే నువ్వు తాడు వెనక్కి లాగే పొడవు. నీ ఎత్తుకి 27 దగ్గర రావచ్చు. రికర్వ్ మీద రాసే పౌండ్లు 28 అంగుళాలకి లెక్క. కాబట్టి 45 అని రాసి ఉన్నా నీ చేతిలో అది 42, 43 అవుతుంది.

నీ వాటం సంగతి కూడా తేల్చుకో. విల్లుకి చేతివాటం కంటే కంటివాటం ముఖ్యం. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారం చూడు. చూస్తూనే చేతులు ముఖం దగ్గరకి తెచ్చుకో. సందు ఏ కంటి ముందుకొచ్చి ఆగితే అది నీ పెద్ద కన్ను.

డబ్బు సంగతికొస్తే, ఇక్కడ విల్లు కొనకు. ఇక్కడ నాలుగు నెలలు రేంజ్‌లో వాళ్ళ విల్లుతోనే నేర్చుకో, 20 పౌండ్ల రికర్వ్‌తో మొదలుపెట్టు. మీరు కాంపౌండ్ కొనమన్నారు కదా అంటావేమో. వీపు పని చేయడం అంటే ఏమిటో తేలిక రికర్వ్ నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు. అక్కడికి దిగాక ఆర్చరీ షాపుకి పోయి కొలతలు తీయించుకుని కొను. బేర్ క్రూజర్ జీ2 లాంటివి మొదటిసారివాళ్ళ కోసమే చేస్తారు. 5 నుంచి 70 పౌండ్ల దాకా, 12 నుంచి 30 అంగుళాల దాకా అలెన్ కీతో మార్చుకోవచ్చు, ఆర్నెల్లకి మళ్ళీ కొనే పని లేదు. గురి చూసే సైటు, బాణం ఆనే రెస్టు బిగించిన కిట్ కొత్తది దాదాపు 400 డాలర్ల పైమాట, అంటే నీ బడ్జెట్ అక్కడికే అయిపోతుంది. కాబట్టి నాలుగైదేళ్ళ పాతది చూడు. మిగిలింది బాణాలకీ, తాడు పట్టి వదిలే రిలీజ్‌కీ, మంచె మీద కట్టుకునే హార్నెస్‌కీ. హార్నెస్‌లో పీనాసితనం వద్దు.

బాణాల విషయంలో అందరూ బోల్తా పడతారు. బాణం వదలగానే పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. ఎంత వంగుతుందనేదే స్పైన్. 28 అంగుళాల ఎడంలో రెండు చోట్ల ఆనించి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగింది అనుకో, అది 500 స్పైన్. అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది. నీ విల్లుకి తగని స్పైన్ కొంటే దేవుడే దిగి వచ్చినా గురి కుదరదు. తప్పు నీదనుకుని ఏడుస్తావు. నేను రెండు నెలలు ఏడ్చా. కార్బన్ బాణాన్ని వేసే ప్రతిసారీ చెవి దగ్గర పెట్టుకుని కొంచెం వంచి చూడు. చిటచిట వినిపిస్తే పారేయ్. పగిలిన కార్బన్ విల్లులోంచి వెళ్తూ చేతిలో దిగబడితే ఆ నూలుపోగుల్లాంటి ముళ్ళు తీయడం నరకం.

ఇది రాసి పెట్టుకో: బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు. మా ఇంటికి భోజనానికొచ్చిన బంధువులబ్బాయి గోడ మీది విల్లు తీసి, "రాముడిలా ఉన్నానా ఆంటీ" అంటూ లాగి వదిలేశాడు. బాణం తీసుకెళ్ళాల్సిన శక్తంతా విల్లులోకే తిరిగి కొట్టింది. పైకి ఏమీ కనిపించలేదు. దూది ఉండ తీసుకుని లింబ్ (విల్లులో వంగే కొమ్మ) పొడవునా నిమిరితే ఒకచోట పోగు చిక్కుకుంది. అక్కడే చీలింది. పాత విల్లు కొనేటప్పుడు జేబులో దూది పెట్టుకుని వెళ్ళు.

బెజవాడ బాణం

అక్కా, అన్నీ బాగానే చెప్పారు కానీ రికర్వ్‌ని మరీ చిన్నబుచ్చారు. కాంపౌండ్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టిన మన జ్యోతి సురేఖదీ విజయవాడే, ప్యారిస్ ఒలింపిక్స్‌లో రికర్వ్ మిక్స్‌డ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళిన ధీరజ్‌దీ విజయవాడే. రెండూ విలువిద్యలే. సామిక్ సేజ్ లాంటి టేక్‌డౌన్ (విప్పి బిగించుకునే) రికర్వ్ కొంటే 40 వేలల్లో సగం కూడా కాదు. ఇప్పుడు 25 పౌండ్ల లింబ్స్, వచ్చే ఏడు అదే రైజర్‌కి (మధ్య పిడికి) 45వి బిగించుకోవచ్చు. తాడు తెగితే మనమే మార్చుకోవచ్చు. కాంపౌండ్ తాడు మార్చాలంటే విల్లుని వంచి పట్టే ప్రెస్ కావాలి, షాపుకి పోవాలి.

అంబులపొది

ఒప్పుకుంటా నాన్నా. వచ్చే ఏటి సీజన్‌కి వెళ్ళేవాడైతే నేనూ అదే చెప్పేదాన్ని. ఈ ఏప్రిల్లో మొదలుపెట్టి సెప్టెంబరుకి రికర్వ్‌తో జింక మీద బాణం వేస్తే గాయపడి పారిపోయేదే ఎక్కువ. రక్తపు చుక్కలు వెతుక్కుంటూ రాత్రి పది దాకా టార్చి పట్టుకుని తిరిగాను ఒకసారి. దొరకలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తమ్ముడూ, 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు విస్కాన్సిన్‌లో లైసెన్సు తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. దిగగానే దాని సంగతి చూసుకో.

హిందూపురం కుర్రోడు

మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా. రేంజ్‌లో చేరా, ఆదివారాలు పొద్దున ఆరున్నరకి. కోచ్ నా చేతికి 20 పౌండ్లది ఇచ్చి ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టాడు. నా పక్కన లైన్లో ఉన్నది నాలుగో తరగతి పాప. మొదటి రోజు చిన్నతనంగా అనిపించింది. ముప్ఫయ్యో బాణానికి భుజం వెనక, అక్క చెప్పిన చోటే, సన్నగా వణుకు మొదలైంది. ఇక నోరు మూసుకుని వేస్తున్నా.

అసలు విశేషం: గడియారం పరీక్ష చేశా. సందు ఎడమ కంటి ముందే ఆగింది. ఐదుసార్లు చేశా, ఐదుసార్లూ అదే. కోచ్ కూడా చూసి ఎడమచేతి విల్లు ఇచ్చాడు. మొదటి వారమంతా అన్నం ఎడమ చేత్తో తిన్నట్టుంది కానీ, నిన్న ఆరింట్లో నాలుగు బాణాలు టార్గెట్ నడిమి పసుపులో పడ్డాయి.

బావకి చెప్తే ఓ నిమిషం మాట్లాడలేదు. తర్వాత "పోనీ ఈ ఒక్క ఏడాదికి నా పాతది వాడుకుందువులే అనుకున్నా రా, అది కుడిచేతిది" అన్నాడు. ఇవ్వనన్నవాడు ఇప్పుడు ఇస్తానన్నా పనికిరాకుండా పోయింది. అక్కా, ఎడమచేతి పాతవి అక్కడ దొరుకుతాయా?

అంబులపొది

తక్కువే, కానీ కొనేవాళ్ళూ తక్కువే. బేరమాడు. దూది మర్చిపోకు.