ఓటుకీ ఓటికుండకీ చుట్టరికం ఉందా?

'ఓటు' అచ్చ తెలుగు మాటే, ఓటమి, ఓటికుండ, ఓటు అన్నీ ఒక తల్లి పిల్లలే అని నిన్న ఒకరు రాశారు. వినడానికి బాగుంది కానీ నేను ఒప్పుకోలేను. ఓటమి 'ఓడు' నుంచి పుట్టింది. మనం వేసే ఓటు ఇంగ్లీషు నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్ 'వోటుమ్', అంటే మొక్కు. దేవుడికి మొక్కుకునే మాట మెల్లగా కోరికై, చివరికి ఎన్నికల్లో చెప్పే ఇష్టమైంది. రోమన్లు మాత్రం ఎన్నికల ఓటుని 'సుఫ్రాగియుమ్' అనేవాళ్లు. బ్రిటన్‌లో ఆడవాళ్లకి ఓటు హక్కు కోసం పోరాడి జైళ్లకి వెళ్లిన సఫ్రజెట్ల పేరులో ఉన్నది ఆ మాటే.

అయితే పగిలిన కుండతో నిజంగానే ఓట్లేసిన ఊరు ఒకటుంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో, ఎవరైనా మరీ బలవంతుడైపోతున్నాడనిపిస్తే కుండపెంకు మీద అతని పేరు గీకి వేసేవాళ్లు. అలా వెళ్లగొట్టినవాడు 10 ఏళ్లు ఊళ్లోకి రాకూడదు. ఆ పెంకుని గ్రీకులో 'ఓస్త్రకోన్' అంటారు. ఏథెన్స్ నాయకుడు అరిస్టైడిస్ కథ మీలో చాలామంది వినే ఉంటారు: చదువురాని ఒకాయన తన పెంకు అతనికే ఇచ్చి, ఎవరో తెలియక, అరిస్టైడిస్ పేరు రాసిపెట్టమన్నాడట. ఆయన నీకేం చేశాడని అడిగితే, ఏమీ చేయలేదు, ఎక్కడ చూసినా 'న్యాయవంతుడు' అంటుంటే వినలేకపోతున్నాను అన్నాడట. అరిస్టైడిస్ మారు మాట్లాడకుండా రాసిచ్చాడని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పాడు.

ఈ కథ చదివినప్పుడల్లా, రాయడం రానివాడికి ఓటు రహస్యంగా ఎలా ఉంటుంది అని నాకు బాధేస్తుంది. బ్రిటన్‌లో అయితే 1872 దాకా చదువుకున్నవాడికీ ఆ రహస్యం లేదు. అందరి ముందూ నిలబడి ఎవరికి ఓటో పైకి చెప్పాలి, అది పుస్తకంలో రాసుకునేవాళ్లు, ఇక భూస్వామి పొలం కౌలుకి చేసుకునే రైతు ధైర్యంగా ఏం చెప్తాడు? ఆ ఏడాది చట్టం వచ్చాక ఆగస్టు 15న పాంటిఫ్రాక్ట్ ఉపఎన్నికలో మొదటిసారి రహస్యంగా ఓట్లు పడ్డాయి. ఆ ఊరు అతిమధురం బిళ్లలకి ప్రసిద్ధి, ఓట్ల పెట్టెకి లక్క సీలు వేసింది కూడా ఆ బిళ్లల మీద కొట్టే ముద్రతోనే.

ముద్ర అంటే గుర్తొచ్చింది, ఇప్పుడు మిషన్ మీద బటన్ నొక్కుతున్నా మనం 'ఓటు గుద్దాం' అనే అంటాం కదా. మీ వైపు ఇంకేమంటారో రాయండి.