'పదవీకాల పరిమితి' అంటే ఏళ్ల లెక్కా, దఫాల లెక్కా?

సైనిక్‌పురి: న్యూయార్క్ నగర కౌన్సిల్ మీద ఒక వ్యాసం తెలుగులో రావాలి. 'టర్మ్ లిమిట్'కు, అంటే ఒకే మనిషి ఒక పదవిలో ఎన్నిసార్లు ఉండవచ్చన్న హద్దుకు, పత్రికల్లో ఎక్కువగా 'పదవీకాల పరిమితి' అనే కనిపిస్తోంది. అది సరిపోతుందా? విడత, పర్యాయం, దఫా... వీటిలో ఏది మేలు? రేపు మన కార్పొరేటర్ల గురించి రాయాల్సి వచ్చినా అదే మాట పనికిరావాలి.

నల్లకుంట: సరిపోదండీ. మన దగ్గర పదవీకాలానికి పరిమితి ఎప్పటినుంచో ఉంది. రాజ్యాంగం 243యూ అధికరణ ప్రకారం పురపాలక సంస్థకు మొదటి సమావేశం తేదీ నుంచి ఐదేళ్లు, అంతకు మించి లేదు. ఆ ఐదేళ్లు పాలకమండలివి, మనిషివి కావు. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీనే చూడండి. 2020 డిసెంబర్ 1న పోలింగ్, 4న ఫలితాలు. గెలిచినవాళ్లు ప్రమాణం చేసింది మాత్రం 2021 ఫిబ్రవరి 11న. అంతకుముందు మండలి 2016 ఫిబ్రవరి 11న కొలువుదీరింది కాబట్టి దాని గడువు తీరేదాకా ఆగారు. అదే లెక్కన వీళ్ల కాలం 2026 ఫిబ్రవరి 10తో చెల్లింది, మర్నాటి నుంచి పత్రికల భాషలో 'తాజా మాజీలు'.

ఒకే మనిషి ఎన్నిసార్లు గెలవవచ్చు అన్నదానికి మాత్రం ఏ అడ్డూ లేదు. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో అనర్హతలు చాలానే ఉన్నాయి గానీ 'ఇన్నిసార్లు పదవిలో ఉన్నవారు' అన్నది వాటిలో లేదు. 'కార్పొరేటర్ల పదవీకాల పరిమితి' అని రాస్తే చదివేవాళ్లకు ఆ ఐదేళ్లే గుర్తొస్తాయి.

బోరబండ: 'దఫా'నే పెట్టుండ్రి సార్. 'ఈ దఫా టికెట్ ఎవలకు', 'పోయిన దఫా గెలిసిండు' అని బస్తీల రోజూ అనే మాటే. 'విడత' అంటె మాత్రం ఇబ్బందైతది. 'మూడో విడత' అనంగనే పంచాయతీ పోలింగో, పైసలు పడే తేదో యాదికొస్తది.

మెహిదీపట్నం: 'దఫా' ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ దానికి 'సారి' అనే కాక 'సెక్షన్' అనే అర్థమూ ఉంది. ఇవాళ్టి తెలుగులో సెక్షన్‌ను మామూలుగా దఫా అనరు కాబట్టి తికమక రాదు. 'మియాద్' అని సూచించేవాళ్లూ ఉంటారు గానీ అది గడువు, కాలాన్నే చెబుతుంది, సంఖ్యను చెప్పదు. 'పర్యాయం' తప్పు కాదు, కొంచెం సభామర్యాద ఎక్కువ. అయినా శీర్షికలో ఏ మాట వాడారన్నది చిన్న సంగతి. అసలు పేచీ లోపలి వాక్యంలో వస్తుంది. 'రెండుసార్లకు మించి' అని ఊరుకుంటే చాలదు. వరుసగా రెండుసార్లా? జన్మలో మొత్తం రెండేనా?

న్యూయార్క్‌లో వరుసగా రెండు. మధ్యలో ఒక దఫా ఖాళీ వదిలితే మళ్లీ రావచ్చు. లాస్ ఏంజెలెస్ కౌన్సిల్‌కు మొత్తం మూడు, ఇక అంతే. రెండింటికీ 'రెండు లేదా మూడుసార్ల పరిమితి' అని ఒకే అచ్చు గుద్దితే అనువాదం తప్పినట్టే.

సైనిక్‌పురి: మూల వ్యాసంలో 2008 నాటి మార్పు కూడా ఉంది. అప్పుడు రెండు దఫాలను మూడు చేశారు కదా?

మెహిదీపట్నం: అవును. 1993లో రెండు దఫాల నియమం పెట్టింది ఓటర్లు, ప్రజాభిప్రాయ సేకరణలో. 2008లో దాన్ని మూడుకు పెంచింది కౌన్సిలే. మేయర్ బ్లూమ్‌బర్గ్ 2009లో ముచ్చటగా మూడోసారి గెలిచారు. 2010లో ఓటర్లు మళ్లీ రెండుకే దించారు. 'సవరించారు' అని కర్త లేకుండా రాయకండి. ఎవరు సవరించారన్నదే అక్కడ గొడవంతా.

నల్లకుంట: క్రియ దగ్గర కూడా జాగ్రత్త. 'పోటీ చేయరాదు', 'ఎన్నిక కారాదు', 'పదవిలో ఉండరాదు'... మూడూ వేరు. మొదటిది నామినేషన్ల పరిశీలనలోనే ఆపేస్తుంది. రెండోది గెలుపును ఆపుతుంది గానీ, పదవిలోకి వేరే దారిన వచ్చేవారిని వదిలేస్తుంది. అమెరికా అధ్యక్షుడి విషయంలో ఆ దేశ రాజ్యాంగం 22వ సవరణ రెండుసార్లకు మించి 'ఎన్నిక కారాదు' అంటుంది. అందుకే మరొకరి కాలంలో రెండేళ్లకు మించి అధ్యక్షుడిగా ఉంటే ఆపై ఒక్కసారే ఎన్నిక కావాలని విడిగా చెప్పాల్సి వచ్చింది.

మన ఉప ఎన్నికలకూ ఇదే చిక్కు. కార్పొరేటర్ చనిపోతే ఆ స్థానంలో వచ్చినవాళ్లకు దక్కేది మిగిలిన కాలమే. పద్నాలుగు నెలలు ఉంటే అది దఫా కిందికి వస్తుందా, రాదా? వాక్యమే చెప్పాలి.

బోరబండ: మేయర్ సంగతి ఇంకా తిరకాసు. జీహెచ్‌ఎంసీకి 2009ల వచ్చిన మండలి ఒక్కటే, మేయర్లు ఇద్దరు. బండ కార్తీక రెడ్డి ముందుగాల, 2012 జనవరి నుంచి మాజిద్ హుస్సేన్. ఇద్దరికీ చెరో దఫానా, చెరి సగమా? ముంబైల మేయర్‌కు రెండున్నరేండ్లు, ఢిల్లీల ఒక్కటే ఏడు. 'రెండు దఫాలు' అని ఒక్క తీరుగ రాస్తె ఒకదిక్కు ఐదేండ్లు, ఇంకోదిక్కు రెండేండ్లే అయితయి.

సైనిక్‌పురి: అయితే మన వార్డులకు సరిపడేలా ఇలా రాస్తే? "వరుసగా రెండు పూర్తి దఫాలు వార్డు సభ్యులుగా ఉన్నవారు, ఆ తర్వాత వచ్చే సాధారణ ఎన్నికలో పోటీకి అనర్హులు."

నల్లకుంట: 'పూర్తి' దగ్గరే గండి పడింది. రెండో దఫా ఇంకో నెలలో ముగుస్తుందనగా రాజీనామా చేస్తే పూర్తి కాలేదు కదా! ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం ఈ ఎత్తును ముందే పసిగట్టింది. అక్కడ స్థానిక నేతలకు మూడేళ్ల చొప్పున వరుసగా మూడు దఫాలు. తమంతట తాము పదవి వదులుకుంటే, ఎంత కాలానికైనా సరే, వరుస తెగినట్టు లెక్కించరు.

ఇంకోటి. 'ఏ వార్డు నుంచి అయినా' అని చేర్చాలి. రిజర్వేషన్ మారితే పక్క డివిజన్‌కు వెళ్లడం ఇక్కడ మామూలే. అలా వెళ్లినవాళ్లు 'ఆ వార్డులో నాకిది మొదటి దఫా' అనవచ్చు. జనం డివిజన్ అన్నా చట్టంలో ఉన్నది వార్డే, మీరు ఆ మాటే ఉంచారు, బాగుంది.

బోరబండ: ఇంట్లోళ్లను నిలవెడితె?

నల్లకుంట: దాన్ని ఈ వాక్యం ఆపలేదన్నా. దఫాలు మనిషివి, ఇంటిపేరువి కావు.

మెహిదీపట్నం: చట్టం రాకముందు గడిచిన దఫాలు కలుస్తాయా లేదా అన్నది కూడా పెట్టండి, లేకుంటే మొదటి ఎన్నికకే కోర్టుకు పోతుంది. నేనైతే ఇలా దిద్దుతాను: "ఈ నిబంధన అమల్లోకి వచ్చిన తర్వాత ఏ వార్డు నుంచి అయినా వరుసగా రెండు దఫాలకు సభ్యులుగా ఎన్నికైనవారు, ఆ వెంటనే వచ్చే సాధారణ ఎన్నికలోను, ఆ మండలి కాలంలో జరిగే ఉప ఎన్నికల్లోను పోటీకి అనర్హులు. మధ్యలో రాజీనామా చేసినా ఆ దఫా లెక్కలోకి వస్తుంది. ఉప ఎన్నికలో గెలిచి, సగం కన్నా తక్కువ కాలం ఉంటే రాదు." శీర్షిక 'దఫాల పరిమితి'. 'పదవీకాలం' ఆ ఐదేళ్లకే వదిలేయండి.

సైనిక్‌పురి: దఫాలు అయిపోయి దిగిపోయేవాళ్లను ఏమనాలి? 'తాజా మాజీ' అనవచ్చా?

బోరబండ: ఓడినోడు గూడ తాజా మాజీనే గదా సార్. 'దఫాలు తీరిన కార్పొరేటర్' అనుండ్రి.