ఈ కరెంటుకి 'వాటం' అనొచ్చా?

శ్రీకాకుళంలో మా డిగ్రీ పిల్లలకి తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. 'సూపర్‌కండక్టింగ్ డయోడ్ ఎఫెక్ట్' దగ్గర బండి ఆగింది. డయోడ్ అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చేది, అతివాహకత అంటే నిరోధం లేకుండా కరెంటు పారడం కాబట్టి 'ఏకదిశా అతివాహకత' అని రాసి కొట్టేశాను. అది తప్పు, ఎందుకంటే కరెంటు రెండు వైపులా పోతుంది.

సంగతి ఇదీ. ఇండియం ఆర్సెనైడ్ లాంటి అర్ధవాహకంతో 100 నానోమీటర్ల మందాన ఒక తీగ. దాని మీద అటూ ఇటూ అల్యూమినియం పూత, నడుమ చిన్న సందు. 1 కెల్విన్ కంటే కిందికి చల్లారిస్తే అల్యూమినియం అతివాహకం అవుతుంది, ఓల్టేజీ లేకుండానే కరెంటు ఆ సందు దాటుతుంది. రెండు అతివాహకాల మధ్య ఇలా జరుగుతుందని 1962లోనే బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త జోసెఫ్‌సన్ లెక్కగట్టి చెప్పాడు. ఈ కరెంటుకో హద్దు ఉంది, మించితే నిరోధం వచ్చి ఓల్టేజీ పుడుతుంది. మామూలుగా ఆ హద్దు రెండు వైపులా ఒకటే. తీగకి అడ్డంగా అయస్కాంత క్షేత్రం పెడితే మాత్రం, ఎలక్ట్రాన్ స్పిన్‌కీ (దాని బుల్లి అయస్కాంత గుణానికీ) నడకకీ ఉన్న ముడి వల్ల, హద్దులు వేరుపడతాయి. కుడికి 10 నానోఆంపియర్లు, ఎడమకి 9 అనుకోండి. 9.5 పంపితే కుడికి నిరోధం సున్నా, ఎడమకి మాత్రం ఉంటుంది. దీనికి తెలుగులో ఏ మాట బాగుంటుందో చెప్పండి.

టెక్కలి నుంచి: 'వాలు' అంటే? వంశధారలో వాలుకి ఈదడం, ఎదురీదడం ఉన్నాయి కదా.

నేను: బాగుంది గానీ, కరెంటుకి వాలంటే ఓల్టేజీయే. ఇక్కడ వాలు లేకుండా పారడమే కదా వింత!

కళింగపట్నం నుంచి: ఏటండి మాస్టారూ, 'వాటం' అనీయండి. మా తమ్ముడిది ఎడమచేతి వాటం. కుడిచేత్తో అన్నం తినడేటి? తింటాడు. బంతి ఇసరాలంటే మాత్రం ఎడమే.

బొబ్బిలి నుంచి: 'చేతివాటం' అంటే దొంగబుద్ధి అని కూడా ఉంది. పిల్లలు నవ్వుతారు.

నేను: నవ్వితే గుర్తుంటుంది లెండి. నాకున్న చిక్కు వేరే. క్షేత్రాన్ని తిప్పి పెడితే ఎక్కువ హద్దు ఎడమకి మారిపోతుంది. ఎడమచేతి వాటం అలా మారదు కదా?

కళింగపట్నం నుంచి: అప్పుడది గాలివాటం. గాలి తిరిగితే తెరచాప పడవ వాటం తిరిగిపోదేటి?

బొబ్బిలి నుంచి: 'గాలివాటం' అంటే ఇప్పుడు నిలకడ లేనితనం. అది వద్దు. ఉత్త 'వాటం' చాలు.

టెక్కలి నుంచి: 2020లో క్యోటో వాళ్ళు నయోబియం, వెనేడియం, టాంటలం పొరల్లో దీన్ని చూపించినప్పుడు 'డయోడ్' అనే అన్నారు. ఆ మాట పూర్తిగా వదిలేస్తే పిల్లలు బయట పుస్తకాలు పట్టుకోలేరు.

నేను: మొదటిసారి రెండూ రాస్తాను, తర్వాత 'ప్రవాహ వాటం'. ఇంకో లాభం కూడా కనిపించింది. హద్దుల తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదాన్ని 'డయోడ్ సామర్థ్యం' అంటారు. పై లెక్కలో 19లో 1. 'సామర్థ్యం 5 శాతం' అంటే పనికిరాని మిషనులా వినిపిస్తుంది. 'వాటం 5 శాతం' అంటే ఎటు, ఎంత మొగ్గుందో వెంటనే తెలుస్తుంది.

కళింగపట్నం నుంచి: మా తమ్ముడిది నూటికి ఎనభై ఉంటాది మాస్టారూ.